షేక్‌పేట నుంచి జహీరాబాద్ వరకు: రహదారి చరిత్ర, వ్యవసాయ వారసత్వ ప్రదర్శనశాలలకు అది నేర్పే పాఠాలు

సారాంశం

హైదరాబాద్ నగరంలోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండల దిగువన సాగే పాత ముంబై రహదారి కుతుబ్‌షాహీల కాలం నుంచి ధాన్యం, పశువులు, విత్తనాలు, మనుషులు నడిచిన మార్గం. ఈ దారి వెంట వ్యవసాయ వారసత్వం నాలుగు విధాలుగా భద్రపరచబడుతున్నది: చలనచిత్రంలో దృశ్యంగా, శిల్పారామంలో నమూనాగా, పటాన్‌చెరు జన్యునిధిలో విత్తనంగా, జహీరాబాద్ పల్లెల్లో ఆచరణగా. ఈ నాలుగింటి బలాలను, పరిమితులను పోల్చి, విత్తన సేకరణలో పాటించే వివరపత్ర పద్ధతిని పనిముట్ల సేకరణకు కూడా వర్తింపజేయవలసిన అవసరాన్ని ఈ వ్యాసం వివరిస్తున్నది.

ముఖ్య పదాలు: వ్యవసాయ వారసత్వం, ప్రదర్శనశాల, 65వ నెంబరు జాతీయ రహదారి, జన్యునిధి, వివరపత్రం, విస్తరణ

ఉపోద్ఘాతం

పాత నాగలిని తెచ్చి గోడకు ఆనించినంత మాత్రాన అది వారసత్వం కాదు. ఆ నాగలి ఏ నేలలో నడిచింది, ఏ కర్రతో చేశారు, ఎవరు చేశారు, ఎంత లోతు దున్నేది, రైతు దానిని ఎందుకు వదిలివేశాడు అన్న వివరాలు తోడైనప్పుడే చూసేవారికి అది విషయం చెబుతుంది. ఆ వివరాలు తెలిసిన తరం మన గ్రామాల్లో త్వరత్వరగా తరిగిపోతున్నది. మోట తోలిన చేతులు, జడ్డిగంలో గింజ వేసిన వేళ్లు నేడు వృద్ధాప్యంలో ఉన్నాయి. పనిముట్టు మరో యాభై ఏళ్ల తరువాతనైనా ఏ అటుకు మీదనో దొరకవచ్చు. దాని వెనుక ఉన్న తెలివిడి దొరకదు. అందువల్ల ప్రదర్శనశాలలు ఏమి దాచాలి, ఎలా దాచాలి అన్నది విస్తరణ శాస్త్రానికి కూడా సంబంధించిన ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి హైదరాబాద్ నుంచి పడమరకు సాగే ఒక రహదారి అనువైన ఉదాహరణగా నిలుస్తున్నది.

కొండల కింద బాట

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతం దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైట్ గుట్టల మీద ఉన్నది. గుట్టలపై చిట్టడవి, మేత భూమి, గుట్టల నడుమ పల్లంలో చెరువు, చెరువు కింద వరి మడి: తెలంగాణ పీఠభూమి అంతటా కనిపించే ఈ అమరికే ఇక్కడ కూడా ఉండేది. గోల్కొండ కోటకు నీరందించిన దుర్గం చెరువు ఈ అమరికకు మిగిలిన సాక్ష్యం. సుమారు 390 ఎకరాల కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం (1998) నాటి చిట్టడవి వృక్షజాతులకు ఆశ్రయంగా ఉన్నది. పక్కనే ఉన్న బంజారాహిల్స్ పేరు ఎడ్లపై సరుకు మోసిన బంజారాలను గుర్తుచేస్తున్నది.

ఫిల్మ్‌నగర్ నుంచి కొండ దిగితే షేక్‌పేట వస్తుంది. ఇక్కడ కుతుబ్‌షాహీల కాలపు సరాయి నేటికీ నిలిచి ఉన్నది. బాటసారులకు గదులు, వారి జంతువులకు కొట్టాలు, సమీపంలో మసీదు ఉన్న ఈ కట్టడం గోల్కొండకు వచ్చే వర్తకుల విడిది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో పర్యటించిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఈ దేశం వరి, పశుసంపద సమృద్ధిగా గలదని, చెరువులు అనేకమని రాశాడు. గోల్కొండ నుంచి మచిలీపట్నం దారి కొండలు, చెరువులు, నదుల వల్ల బండ్లకు అనుకూలం కాదని, సరుకు ఎడ్ల వీపులపైనే సాగేదని కూడా పేర్కొన్నాడు. ధాన్యం, ఉప్పు మోసే బంజారాల బిడారుల్లో ఒక్కొక్కసారి పది, పన్నెండు వేల ఎడ్లు ఉండేవని అతని రచన వల్ల తెలుస్తున్నది. అంటే నాటి రహదారి నడక ఎద్దు నడకపై ఆధారపడినది. బిడారు ఆగిన ప్రతిచోటా నీరు, మేత కావాలి. కనుక చెరువులు, మేత భూములు ఆ రవాణా వ్యవస్థలో భాగాలే. రహదారి చరిత్రను వ్యవసాయ చరిత్ర నుంచి విడదీసి చూడలేకపోవడానికి ఇదే కారణం.

బాట నుంచి జాతీయ రహదారికి

1578లో మూసీ నదిపై పురానాపూల్ నిర్మాణం గోల్కొండను నదికి ఆవలి తూర్పు మార్గాలతో కలిపినది. 1591లో హైదరాబాద్ వెలిసిన తరువాత ఈ మార్గం ప్రాధాన్యం ఇంకా పెరిగినది. నిజాం పాలనలో 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం రావడంతో దూరప్రాంత ధాన్య రవాణా క్రమంగా రైలుకు మారగా, బాటలు రైలు స్టేషన్లకు సరుకు చేర్చే దారులుగా మారాయి. 1932లో నిజాం స్టేట్ రైల్వేలో భాగంగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం ఆరంభమైనది. ఎద్దు నడకకు తగిన దారి మోటారు వేగానికి తగిన దారిగా మారడం ఈ దశలో ప్రధాన పరిణామం.

స్వాతంత్ర్యానంతరం పుణె, షోలాపూర్, హైదరాబాద్, విజయవాడలను కలిపే దారి 9వ నెంబరు జాతీయ రహదారిగా గుర్తించబడినది. 2010 నాటి పునర్వ్యవస్థీకరణలో దానికి 65వ నెంబరు వచ్చినది. నేడు అది పుణె నుంచి మచిలీపట్నం వరకు సాగుతున్నది. నగరంలో ప్రధాన రాకపోకలు కూకట్‌పల్లి, మియాపూర్ మార్గానికి మళ్లగా, టోలిచౌకి, షేక్‌పేట, గచ్చిబౌలి, లింగంపల్లి మీదుగా వెళ్లే దారికి ‘పాత ముంబై రహదారి’ అన్న పేరు స్థిరపడినది. సరాయి ఉన్న షేక్‌పేటలోనే 2022 జనవరి 1న సుమారు 2.8 కిలోమీటర్ల ఆరు వరుసల పైవంతెన ప్రారంభమైనది. ఎద్దులు నీళ్లకు ఆగిన చోట వాహనం ఆగకుండా పోయే ఏర్పాటు అది.

దారి వెంట నేలలు

వ్యవసాయ విద్యార్థికి ఈ రహదారి నేలల పాఠ్యపుస్తకం వంటిది. షేక్‌పేట వద్ద గ్రానైట్ శిథిలమై ఏర్పడిన ఎర్ర చెల్క నేలలు. పటాన్‌చెరు ప్రాంతంలో ఎర్ర నేలలు, నల్లరేగళ్లు పక్కపక్కనే. సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని జహీరాబాద్ ప్రాంతంలో నల్లరేగళ్లతోపాటు లాటరైట్ ఎర్ర నేలలు కనిపిస్తాయి. నేల మారినకొద్దీ పంట, పంటతోపాటు పనిముట్టు మారుతూ వచ్చాయి. తేలికైన చెల్కలో వానాకాలపు తొలి పదునుకే దున్ని విత్తవచ్చు. నల్లరేగడి తడిస్తే బంకగా మారి నాగలిని సాగనివ్వదు. ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అందువల్ల నల్లరేగళ్లలో వానాకాలం భూమిని బీడుగా ఉంచి, నిలిచిన తేమతో యాసంగిలో జొన్న, శనగ వేయడం చాలాచోట్ల ఆచారమైనది. ఒకే గది గోడకు ఈ అన్ని నేలల పనిముట్లను ‘పాతకాలపు నాగళ్లు’ అన్న ఒక్క శీర్షిక కింద వేలాడదీస్తే ఈ తేడా అంతా మాయమవుతుంది.

తెరపై పల్లె, ప్రాంగణంలో పల్లె

1960ల నుంచి ఈ గుట్టలపై గృహనిర్మాణం మొదలైనది. 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభం కావడం, 1989లో రామానాయుడు స్టూడియో రావడం వంటి పరిణామాలతో మద్రాసు నుంచి తరలివచ్చిన తెలుగు చలనచిత్ర పరిశ్రమకు ఈ ప్రాంతం నివాసమైనది. పొలం లేని ఈ గుట్టలపైనే తెలుగువారి ఊహలోని పల్లె మళ్లీ మళ్లీ నిర్మించబడడం గమనార్హం. అంతకుముందు నుంచే తెలుగు సినిమా రైతును కథాకేంద్రంగా నిలిపినది. గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ (1939), తాపీ చాణక్య ‘రోజులు మారాయి’ (1955) భూమి సమస్యను చర్చించగా, ‘పాడిపంటలు’ (1976) పేరులోనే వ్యవసాయాన్ని నిలుపుకున్నది. నిజమైన పొలాల్లో చిత్రీకరించిన పాత చిత్రాల్లో కథకు నేపథ్యంగా దున్నకం, నాట్లు, కళ్లం పనులు నమోదైనచోట్ల అవి నేడు చరిత్రకు ఆధారాలుగా పనికివస్తాయి. పనిముట్టు కదలికను చూపగలగడం చలనచిత్రం బలం. అయితే కథకు తగినట్లు అలంకరించడం దాని స్వభావం. కనుక స్థలం, కాలం నిర్ధారించుకోకుండా దానిని ప్రమాణంగా గ్రహించరాదు.

జూబ్లీహిల్స్‌ను ఆనుకొని మాదాపూర్‌లో ఉన్న శిల్పారామం 1990లలో రూపుదిద్దుకున్నది. అందులోని పల్లె ప్రదర్శనశాలలో మట్టి గోడల ఇళ్లు, కుమ్మరి, వడ్రంగి, నేతగాడు, రైతు కుటుంబాల నిలువెత్తు బొమ్మలు ఉన్నాయి. 1891లో స్టాక్‌హోంలో ఆర్తుర్ హజేలియుస్ స్థాపించిన స్కాన్సెన్ ఆరుబయలు ప్రదర్శనశాలతో ప్రపంచమంతటా వ్యాపించిన ఆలోచనకు ఇది తెలుగు రూపం. వస్తువును అద్దాల పెట్టెలో కాక ఇంటి వాతావరణంలో చూపడం ఈ పద్ధతి విశేషం. గ్రామం చూడని నగర బాలబాలికలకు వడ్రంగికి, రైతుకు, కుమ్మరికి గల సంబంధం ఒక్కచోట అర్థమవుతుంది. ఒకప్పుడు ఈ చేతివృత్తులవారికి కళ్లంలోనే ధాన్యం రూపంలో మేర అందేది. పంటకు, పనిముట్టుకు మధ్య ఉన్న ఆ ఒప్పందాన్ని చెప్పకపోతే బొమ్మలు బొమ్మలుగానే మిగిలిపోతాయి.

విత్తన నిధి, వారసత్వ క్షేత్రం

ఈ దారిలోనే, పటాన్‌చెరు వద్ద, అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ (ఇక్రిశాట్) 1972లో స్థాపించబడినది. ఎర్ర, నల్ల నేలలు రెండూ ఒకేచోట లభించడం ఈ స్థలం యొక్క అనుకూలతల్లో ముఖ్యమైనది. సంస్థ జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలకు చెందిన 1.2 లక్షలకు పైగా నమూనాలు భద్రపరచబడి ఉన్నాయి. ఇవి 144 దేశాల నుంచి సేకరించినవి. దీర్ఘకాలిక నిల్వకు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్, పంపిణీకి అవసరమైన నిల్వకు 4 డిగ్రీల ఉష్ణోగ్రత పాటిస్తారు. తమ సొంత గడ్డపై అంతరించిన రకాలను తిరిగి ఆయా దేశాలకు అందించడం ఈ నిధి సాధించిన గొప్ప ప్రయోజనం.

ఇక్కడ ప్రదర్శనశాలల నిర్వాహకులు గ్రహించవలసిన అంశం ఒకటి ఉన్నది. జన్యునిధిలో గింజతోపాటు వివరపత్రం కూడా భద్రపరుస్తారు. సేకరించిన గ్రామం, తేదీ, అక్షాంశ రేఖాంశాలు, స్థానిక నామం, వినియోగం వంటి అంశాలు అందులో ఉంటాయి. వివరపత్రం లేని నమూనా మొలకెత్తవచ్చును గాని పరిశోధకుడికి సగం విలువ కోల్పోయినట్లే. ఏ కరవు నేల నుంచి వచ్చిందో తెలిస్తేనే కరవును తట్టుకొనే గుణం కోసం దానిని వెతుకుతారు.

ఇదే ప్రాంగణంలో 1976 నుంచి నల్లరేగడి పరీవాహక క్షేత్రంలో కొనసాగుతున్న దీర్ఘకాలిక ప్రయోగానికి ‘వారసత్వ’ ప్రయోగమన్న పేరు వచ్చినది. వెడల్పాటి బోదెలు, కాలువల పద్ధతిలో వర్షాలకు ముందే పొడి దుక్కిలో విత్తి, జొన్నలో కంది వంటి అంతరపంట తీసిన భాగంలో మూడు దశాబ్దాల సగటు దిగుబడి హెక్టారుకు ఏడాదికి 5.1 టన్నులు కాగా, వానాకాలం బీడు పెట్టి యాసంగి పంట మాత్రమే వేసే సంప్రదాయ పద్ధతిలో అది 1.1 టన్నులు. ఈ ప్రయోగంలో పాత పద్ధతిని కూడా ఏళ్ల తరబడి నిలబెట్టి ఉంచారు. పాతదానిని అలా సాగులో ఉంచినందువల్లనే కొత్తదాని విలువ అంకెల్లో తెలిసినది. ఈ విధంగా చూస్తే పరిశోధనా క్షేత్రం కూడా ఒక ప్రదర్శనశాలే.

ఓడిన పనిముట్టు చెప్పే పాఠం

బోదెల సేద్యానికి అనువుగా ఎడ్లతో లాగే చక్రాల బహుళార్థ సాధక పరికరాన్ని 1970, 80 దశకాల్లో ఇక్రిశాట్‌లో విస్తృతంగా పరీక్షించారు. ఫ్రెంచి రూపకర్త జాన్ నోల్ రూపొందించిన ట్రాపికల్టర్ వీటిలో ముఖ్యమైనది. దున్నడం, బోదెలు తోలడం, విత్తడం, అంతరకృషి, బండిగా రవాణా అన్నీ ఒకే చట్రంతో సాధ్యమయ్యాయి. ప్రయోగ క్షేత్రంలో ఫలితాలు మెరుగ్గానే వచ్చాయి. అయితే 1988లో పాల్ స్టార్కీ ప్రచురించిన సమీక్ష ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఇటువంటి పరికరాలు పదివేలకు పైగా తయారైనప్పటికీ, అనేక సంవత్సరాలు బహుళ ప్రయోజనాలకు వాడుకున్న రైతులు దాదాపు లేరు. ధర ఎక్కువ, బరువు ఎక్కువ, చిన్న కమతంలో మలుపు కష్టం, ఒక్క భాగం చెడితే అన్ని పనులూ ఆగిపోవడం వంటివి కారణాలు. రైతు వద్ద ఉన్న నాగలి, గుంటక, గొర్రు, బండి వేటికవే చౌక. ఊరి వడ్రంగి, కమ్మరి వాటిని బాగుచేయగలరు.

వ్యవసాయ ప్రదర్శనశాలలు సాధారణంగా గెలిచిన వస్తువులతో నిండి ఉంటాయి. విస్తరణ విద్యార్థికి అంతకంటే ఎక్కువ నేర్పేది ఓడిన వస్తువు. రైతు తిరస్కరించిన పరికరాన్ని, తిరస్కరణకు అతడు చెప్పిన కారణాలతో సహా ప్రదర్శించడం వల్ల సాంకేతిక పరిజ్ఞాన బదిలీ అన్న పదానికి అసలు అర్థం తెలుస్తుంది.

నడిచే ప్రదర్శనశాల

రహదారిపై మరింత పడమరగా వెళితే జహీరాబాద్ ప్రాంతం వస్తుంది. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలోని మహిళా సంఘాలు ఇక్కడ పాత పంటల విత్తనాలను ఇళ్లలో, గ్రామ విత్తన నిధుల్లో కాపాడుతున్నాయి. రెండు దశాబ్దాలకు పైగా ఏటా సంక్రాంతి నుంచి సుమారు నెల రోజులపాటు జరిగే పాత పంటల జాతరలో, అలంకరించిన ఎడ్లబండ్లపై జొన్న, కొర్ర, సామ, కంది, అనుము వంటి విత్తనాలను పెట్టి ఊరూరా తిప్పుతారు. బండి ఆగిన ఊరిలో సాగు గురించి, వాన గురించి, ధర గురించి చర్చ జరుగుతుంది. ఈ మహిళా సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించినది. 2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో ప్రారంభమైన సంఘం రేడియో ఈ తెలివిడిని వారి మాటల్లోనే ప్రసారం చేస్తున్నది.

వాన లేకున్నా నేలలోని తేమ, మంచుతో యాసంగిలో పండే వాటిని ఇక్కడి మహిళలు ‘సత్యం పంటలు’ అంటారు. ఈ పేరులో పంట స్వభావంతోపాటు దానిపై రైతుకున్న నమ్మకం కూడా ఉన్నది. బూడిద, వేపాకు కలిపిన విత్తనం పేడతో అలికిన బుట్టలో ఏడాది నిలుస్తుంది; ఏడాది తరువాత మళ్లీ విత్తక తప్పదు. మైనస్ 20 డిగ్రీల వద్ద నిద్రపోయే గింజ దశాబ్దాలు బతుకుతుంది గాని మారదు. పొలంలో ఏటా పండే గింజ మారుతున్న వాతావరణంతో పాటు మారుతుంది గాని, ఒక్క కరవులో పోవచ్చు. కనుక ఈ రెండు పద్ధతులూ పరస్పర పూరకాలు. ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు.

రహదారి ఇచ్చినది, తీసుకున్నది

రహదారి వల్ల జహీరాబాద్ చెరకు, అల్లం, ఆలుగడ్డలకు నగర మార్కెట్ దగ్గరైనది. అదే రహదారి నగరాన్ని కూడా పొలాల దాకా తెచ్చినది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం తరువాత మాదాపూర్, గచ్చిబౌలి పరిసరాల చెల్కలు భవనాలయ్యాయి. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి నగర విస్తరణను పటాన్‌చెరు వరకు నడిపించినది. గోల్కొండ దాహం తీర్చిన దుర్గం చెరువుపై 2020లో తీగల వంతెన వచ్చినది. చెరువు మిగిలినది గాని, దాని కింద పారిన మడి లేదు.

పొరుగునే ఉన్న మరో దారి ఈ సంఘర్షణను నేడు కూడా చూపుతున్నది. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ వెళ్లే 163వ నెంబరు జాతీయ రహదారికి ఇరువైపులా సుమారు 900 మర్రిచెట్లు ఉన్నాయి. సుమారు 46 కిలోమీటర్ల విస్తరణ ప్రతిపాదన వాటి భవిష్యత్తును ప్రశ్నార్థకం చేయగా, విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్లినది. ఎడ్లబండి వేగానికి నీడ ఒక సాంకేతిక అవసరం. మోటారు వేగానికి అదే చెట్టు అడ్డంకి. సరాయి, మర్రి, చెరువుకట్ట, మైలురాయి అన్నీ కలిసిన పాత దారిని ఒక వ్యవసాయ వారసత్వ క్షేత్రంగా గుర్తించకపోతే, విస్తరణ పనుల్లో అవి విడివిడి అడ్డంకులుగానే లెక్కకు వస్తాయి.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు సూచనలు

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా చివరి సంవత్సరం విద్యార్థులు గ్రామాల్లో నివసిస్తారు. ఆ వ్యవధిలో ఈ క్రింది పనులు తక్కువ ఖర్చుతో సాధ్యమవుతాయి.

1. ప్రతి పనిముట్టుకు విత్తన నమూనాకు వలె వివరపత్రం తయారు చేయాలి. గ్రామం, నేల, పంట, స్థానిక నామం, కర్ర రకం, కొలతలు, చేసిన వృత్తిదారు, చివరిసారి వాడిన సంవత్సరం నమోదు చేయాలి.

2. స్థానిక నామాన్ని మార్చకూడదు. తెలంగాణలో నాగలి అన్నదే రాయలసీమలో మడక. పేరు మార్చితే ప్రాంతం చెరిగిపోతుంది.

3. కొలతల వెనుక కారణం అడగాలి. గొర్రు పళ్ల మధ్య దూరమే సాళ్ల మధ్య దూరం. అది ఆ ఊరి నేలకు, పంటకు తగినట్లు తరాల అనుభవంతో కుదిరినది.

4. వాడకాన్ని చలనచిత్రంగా నమోదు చేయాలి. జడ్డిగంలో గింజ వేసే స్త్రీ వేళ్ల లయే ఎకరాకు విత్తన మోతాదును నిర్ణయిస్తుంది. ఆ లయ గొర్రును చూస్తే తెలియదు. మోట తోలేవాడు ఎడ్లను వెనుకకు నడిపించే తీరు కూడా అటువంటిదే. ఫిల్మ్‌నగర్‌లో అభివృద్ధి చెందిన చిత్రీకరణ నైపుణ్యం ఈ పనికి తోడ్పడగలదు.

5. వదిలివేసిన కారణం రాయాలి. కరెంటు మోటారు వచ్చిందా, ఎడ్లు తగ్గాయా, వృత్తిదారు వలస వెళ్లాడా అన్న సమాచారం నేటి యంత్రాల రూపకల్పనకు ఉపయోగపడుతుంది.

6. సమాచారమిచ్చిన రైతు, వృత్తిదారు అనుమతి తీసుకొని, నమోదు ప్రతిని గ్రామ పాఠశాలకు లేదా పంచాయతీకి కూడా అందజేయాలి. జ్ఞానం ఊరి నుంచి సేకరించబడి ఊరికి దూరం కాకూడదు.

ముగింపు

షేక్‌పేట సరాయి నుంచి జహీరాబాద్ జాతర వరకు ఉన్న వంద కిలోమీటర్లలో వ్యవసాయ వారసత్వం దృశ్యంగా, నమూనాగా, విత్తనంగా, ఆచరణగా నాలుగు చోట్ల విడివిడిగా ఉన్నది. దృశ్యంలో కదలిక ఉన్నది గాని ప్రామాణికత నిర్ధారించుకోవాలి. నమూనాలో రూపం ఉన్నది గాని నేల లేదు. జన్యునిధిలో గింజ, వివరపత్రం ఉన్నాయి గాని సాగుచేసే చేయి లేదు. జాతరలో ఆ చేయి ఉన్నది గాని దానికి ఏటా కొత్త తరం తోడు కావాలి. వీటిని కలిపే సూత్రం వివరపత్రమే. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడిన నాటి నుంచి రైతుకు కొత్తది చేర్చడం విస్తరణ విభాగాల కర్తవ్యంగా ఉంటూ వచ్చినది. రైతు వద్ద ఉన్నదానిని, అది కనుమరుగు కాకముందే, క్రమపద్ధతిలో నమోదు చేయడం కూడా అదే కర్తవ్యంలో భాగం. మోట తోలిన ఆఖరి రైతును విద్యార్థి ఈ ఏడాదే కలవవలసి ఉన్నది. మోటను మాత్రం తరువాతనైనా తెచ్చుకోవచ్చును.